కనబడని రొయ్య విషయమై

ఫిబ్రవరి 2, సోమవారం

మా హాలులోని ఉప్పునీటి అక్వేరియానికి సంబంధించిన పరిశీలనలు మాత్రమే ఈ రోజు నుంచి ఈ పుస్తకంలో నమోదు చేయబడతాయి. ఇంటిలోని ఇతర విషయాలు దీని పరిధిలోకి రావు. వ్రాసేది నేను, చదివేది నేను, ఆమోదించేది కూడా నేనే గనుక పై అధికారుల అభ్యంతరాలకు తావు లేదు.

స్థలం: తిరుపతి, మా అపార్టుమెంటు రెండవ అంతస్తు. అక్వేరియానికి ఎడమ పక్క పూజ గది, కుడి పక్క శ్రీవేద గది. మా అమ్మాయి శ్రీవేదకు ఏర్పేడు దగ్గరి జాతీయ సంస్థలో సీటు వచ్చినప్పుడు, స్కూటీ కావాలా అని అడిగాను. సముద్రం కావాలన్నది. స్కూటీ అయితే కింద వాకిట్లో ఉండేది. సముద్రానికి పూజ గది పక్కన తప్ప వేరే గోడ దొరకలేదు.

నివాసులు: క్లౌన్ చేపలు రెండు. ఇవి ఎప్పుడూ బయటే తిరుగుతాయి, వీటికి దాచుకోవలసినది ఏమీ ఉన్నట్టు లేదు. ఫైర్‌ఫిష్ ఒకటి. ముందు సగం తెలుపు, వెనుక సగం నిప్పు రంగు, వీపు మీద జెండా కర్రలాంటి ఒక రెక్క. క్లీనర్ రొయ్య ఒకటి. ఎర్రని ఒళ్లు, వీపు పొడుగునా తెల్లని నామం. నామంతో పుట్టినది గనుకనే మా అమ్మ దానికి ఇంట్లో ప్రవేశం మంజూరు చేసింది. దానికి శ్రీవేద పెట్టిన పేరు సూపరింటెండెంటు. అది నా హోదా. పోలిక ఏమిటని విచారించగా, తెల్ల మీసాలు అని చెప్పింది. మిగతా పోలికలు చెప్పలేదు.

సమస్య: ఫైర్‌ఫిష్ కొంతకాలంగా కనబడుట లేదు. వెనుక రాళ్ల సందులో ఉన్నట్టు అనుమానం. మా కార్యాలయ పరిభాషలో చెప్పాలంటే క్యాంపులో ఉన్నది. చిత్తూరులోని మా కార్యాలయంలో ఏ అధికారి అయినా కుర్చీలో లేకపోతే క్యాంపులో ఉన్నట్టు అర్థం. ఎక్కడ క్యాంపు అని అడిగేవాడు సర్వీసుకు కొత్త. నేను కూడా ప్రస్తుతం స్వంత పనుల నిమిత్తం సెలవుపై ఇంట్లోనే ఉన్నాను.

శ్రీవేద రిపబ్లిక్ డే సెలవుకు వచ్చింది. తిరిగి వెళ్లలేదు. గదిలోంచి బయటకు రావడం లేదు, మాట్లాడడం లేదు. ఈ అంశం పైన చెప్పిన పరిధిలోకి రాదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆహారం విషయంలో ఈ ఇంటికి ప్రత్యేక నిబంధనలున్నవి. ఉల్లిపాయ కూడా అమ్మ కళ్లబడకుండా లోపలికి రావలసిన ఇల్లు ఇది. అక్వేరియం వారు మాత్రం గడ్డకట్టించిన రొయ్యపిల్లల పొట్లాలు తప్ప ముట్టరు. అందువల్ల బాల్కనీలో ఒక చిన్న ఫ్రిజ్ పెట్టి, దానికి పాత దుప్పటి కప్పి, అందులో ఏముందో ఎవరూ అడగకూడదని తీర్మానించుకున్నాం. రొయ్యపిల్లలను తాకినవాడు స్నానం చేసిన తరువాతే పూజ గదిలోకి రావాలి. కనుక నేను పొద్దున స్నానానికి ముందు మేత వేస్తాను. ఇదివరకు ఈ పనులన్నీ శ్రీవేద చేసేది. హాస్టలుకు వెళ్లిన తరువాత ఫోనులో ఆదేశాలిచ్చేది. ఇప్పుడు పక్క గదిలోనే ఉన్నది గనుక ఆదేశాలు రావడం లేదు.

పరిశీలన నిమిత్తం అక్వేరియం ముందు ఒక కుర్చీ వేయించాను. సరైన కోణం కోసం దానిని కొంచెం పక్కకు తిప్పవలసి వచ్చింది. ఆ కోణంలో శ్రీవేద గది తలుపు కూడా కనబడుతుంది. ఇది యాదృచ్ఛికం.

ఫిబ్రవరి 4, బుధవారం

బైరాగిపట్టెడలో చేపలమ్మే మునికుమార్‌ను సంప్రదించాను. ఉప్పు, మోటార్లు, సలహాలు అన్నీ ఆ దుకాణంలోనే దొరుకుతాయి. నేను చెప్పింది మొత్తం వినకుండానే తీర్పు ఇచ్చినాడు.

"రాళ్లు జాస్తిగా ఉండాయి సార్ మీకు. దాక్కొనేదానికి సందు ఉండాది కాబట్టి దాక్కుంటాది. సందు తీసేయండి. యాడికి పోతాది?"

ఇందులోని తర్కం నన్ను ఆకట్టుకున్నది. నా సర్వీసంతా ఈ సూత్రం మీదనే నడిచింది. బీరువాలు తీసేస్తే ఫైళ్లు కనబడతాయి, తెరలు తీసేస్తే గుమాస్తాలు కనబడతారు. ఫలితాల గురించి ఎన్నడూ సమీక్ష జరగలేదు.

తిరిగి వస్తుండగా గేటు దగ్గర మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి వెంకటరమణ పట్టుకున్నాడు. ఏమప్పా, పాప ఇంట్లోనే ఉండాదంట కదా, సెలవులేమైనా ఇచ్చినారా అని అడిగినాడు. ఇంటి నుంచి ప్రాజెక్టు పని చేస్తున్నదని చెప్పాను. ఏం ప్రాజెక్టు అంటే, నీటికి సంబంధించినది అన్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పెద్ద రాళ్లు మూడు తీసి, మునికుమార్ చెప్పినట్టు ఉప్పునీటి బకెట్లో వేసి బాల్కనీలో పెట్టాను. మోటారు బిగింపు కోసం స్క్రూడ్రైవరు తీయవలసి వచ్చింది.

నా భార్య కోమలవల్లి, ఉద్యోగరీత్యా టీచరు, బడికి వెళ్లే ముందు పేపరు చదివి, ఎక్కడో ఒక హాస్టలు విద్యార్థి మరణవార్త ఉన్న పేజీని లోపలికి మడిచి, టీపాయి కింద పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఆ పేజీ అంతకు ముందే నేనూ చదివాను. ఆమె చెప్పులు వేసుకుంటూ నా వైపు చూడకుండా, శ్రీవేద గదికి లోపల గడియ ఉండకపోతే మేలన్నట్టు ఒక మాట అన్నది.

శ్రీవేద స్నానానికి వెళ్లినప్పుడు, స్క్రూడ్రైవరు ఎలాగూ చేతిలో ఉన్నది గనుక, ఆమె గది లోపలి గడియ ఊడదీశాను. స్క్రూలతో సహా డబ్బాలో భద్రపరిచాను. తిరిగి వచ్చి తలుపు చూసింది. గడియ ఉన్నచోట రంగు లేని మచ్చను వేలితో ఒకసారి తడిమింది.

ఫిబ్రవరి 7, శనివారం

చేప కనబడలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

చేప కనబడింది. మోటారుకూ అద్దానికీ మధ్య, తోక మాత్రమే. ఇంతకు ముందు రాళ్ల సందులో ఉన్నప్పుడు మేత వేళకు తలైనా బయట పెట్టేది. ఇప్పుడు అదీ లేదు. సూపరింటెండెంటు కూడా ఒక మూలకు చేరి మీసాలు మడుచుకున్నాడు. మునికుమార్‌కు ఫోను చేశాను. మిగిలిన రాళ్లు కూడా తీసేయండి సార్ అన్నాడు.

పక్క గదిలో కుర్చీ ఈడ్చిన శబ్దం వినబడింది. తలుపుకు లోపలివైపు అడ్డంగా పెట్టినట్టున్నది. కుర్చీల జరుగుబాటు ఈ పుస్తకం పరిధిలోకి రాదు.

ఫిబ్రవరి 11, బుధవారం

ఒక ఫ్లెక్సీ గురించి వ్రాయవలసి ఉన్నది. అది బాల్కనీలోంచి కనబడుతుంది, బాల్కనీలో చేపల మేత ఉంటుంది, కనుక విషయానికి సంబంధించినదే.

శ్రీవేదకు సీటు వచ్చినప్పుడు మా సంఘం వారు గేటు పక్కన కట్టించారు. 'మా అపార్టుమెంటు ఆణిముత్యం' అని పసుపు అక్షరాలు. కింద శ్రీవేద బొమ్మ. దాని పక్కన శుభాకాంక్షలు తెలుపుతూ కార్యదర్శి వెంకటరమణ బొమ్మ, ఇది కొంచెం పెద్దది. వానకూ ఎండకూ వెంకటరమణ వెలిసిపోయినాడు. శ్రీవేద ఇంకా నవ్వుతూనే ఉన్నది. కూరగాయల బండి అతను, పాలవాడు, ఇస్త్రీ అంగడి ఆమె, అందరూ ఆ బొమ్మ కిందుగానే వస్తారు, పోతారు. శ్రీవేద వచ్చిన కొత్తలో బాల్కనీలోకి ఒకటి రెండు సార్లు వచ్చింది. ఆ తరువాత బాల్కనీ వైపు కిటికీ కూడా తెరవడం లేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం. ఏకాదశి

ఏకాదశి నాడు బాల్కనీ ఫ్రిజ్ తెరవరాదని అమ్మ శాశ్వత ఉత్తర్వు. చేపలు పక్షానికొకసారి మాతోబాటు ఉపవాసం ఉంటాయి. ఇప్పటివరకు ఏ చేపా లిఖితపూర్వకంగా నిరసన తెలుపలేదు.

శ్రీవేద ఈ రోజు వంటింట్లో కోమలవల్లితో మాట్లాడిందని తెలిసింది. నేను పాలకు వెళ్లిన సమయంలో. మొదటి సెమిస్టరులో లెక్కలు, భౌతికశాస్త్రం రెండూ తప్పిందట. పదవ తరగతి నుంచి ఎన్నడూ ఎందులోనూ తప్పని పిల్ల. ఆ సంగతి తెలిసిన రోజున హాస్టలు గదిలో మిగతా పిల్లలు తమ మార్కులు చెప్పుకుంటుంటే, ఈమె దుప్పటి కప్పుకొని నిద్రపోయినట్టు నటించిందట. కోమలవల్లి ఇదంతా చెప్పి, మీరు అడగొద్దండీ, మీకు తెలుసునని దానికి తెలియకూడదు అన్నది.

కనుక నాకు తెలియదు.

ఫిబ్రవరి 16, సోమవారం

సూపరింటెండెంటు మరణించాడు.

ఉదయం మేత వేయడానికి వెళ్లగా ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్లు, మీసాలు, నామం అన్నీ యథాస్థానంలో ఉన్నవి. రంగు మాత్రం పాలిపోయింది. గరిటెతో బయటకు తీశాను. అమ్మ వచ్చి చూసి, నామం పెట్టుకున్న జీవం పూజ గది గోడకానుకొని పోయిందిరా, ఇంటిల్లిపాదీ తలస్నానం చేయాల్సిందే అని తేల్చింది. రొయ్యకు మైల ఏమిటని కోమలవల్లి అడిగింది. బడికి టైమవుతున్నది. అమ్మ ఒప్పుకోలేదు. గీజరు వేయబడింది. వరుసగా స్నానాలు జరిగినవి. నేను మృతదేహాన్ని అరిటాకు ముక్కలో చుట్టి, బాల్కనీలో కరివేపాకు కుండీలో పూడ్చాను. తులసి కుండీలో వద్దని అమ్మ ముందే హెచ్చరించింది.

తరువాత శ్రీవేద గది తలుపు దగ్గర నిలబడి, తలస్నానం చేయవలసి ఉన్నదనీ, కారణం ఇదనీ తెలియజేశాను. తిరిగి వెళ్లబోతుండగా లోపలి నుంచి మాట వచ్చింది. ఇంటికి వచ్చాక నాతో మాట్లాడిన మొదటి మాట.

"నాయనా, దాన్ని చేత్తో పట్టుకొని చూసినావా? బరువుండిందా?"

గరిటెతో తీశానని చెప్పాను.

"పోయి చూడు. బరువు లేకపోతే అది రొయ్య కాదు. పైపెంకు."

మట్టి తవ్వి చూశాను. అరిటాకులో ఉన్నది గాజు కాగితం వలె ఖాళీ. కాళ్ల లోపల కాళ్లు లేవు. నిండుగా ఉన్నట్టు కనబడడానికి కావలసినవన్నీ ఉన్నవి, లోపల ఎవరూ లేరు. తలుపు దగ్గరకు తిరిగి వచ్చి ఈ విషయం నివేదించాను.

"పెరిగేటప్పుడు పాత పెంకు పట్టదు నాయనా, విడిచేస్తాది. కొత్తది గట్టిపడేదాకా ఒళ్లంతా మెత్తగా ఉంటాది. ఎవరు ముట్టినా చస్తాది. అందుకే అంతదాకా యాడనో దూరి ఉంటాది. చచ్చిపోలేదు."

ఎప్పటికి వస్తుందని అడిగాను. ఏ సందర్భంలోనైనా గడువు తెలుసుకోవడం నాకు అలవాటు.

"గట్టిపడినాక" అన్నది.

మరణ నమోదు రద్దు చేయడమైనది. తలస్నానాలు రద్దు కావని అమ్మ చెప్పింది.

ఫిబ్రవరి 19, గురువారం

సూపరింటెండెంటు విధులలో చేరాడు. కొత్త ఎరుపు, కొత్త నామం, మీసాలు ఇదివరకటి కంటే పొడుగు. ఎక్కడ ఉండినాడో తెలియదు. క్యాంపు అనుకోవాలి.

ఈ శుభవార్త తలుపు దగ్గర చెప్పాను. లోపల కుర్చీ కొంచెం జరిగింది. నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. కుర్చీ మళ్లీ యథాస్థానానికి వెళ్లింది.

కోమలవల్లి బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా, "మీరట్లా ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చుంటే ఏదొస్తుందండీ బయటికి?" అన్నది. ఫైర్‌ఫిష్ గురించి అన్నదని భావిస్తున్నాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

సంస్థ నుంచి మోహన అనే కౌన్సెలర్ ఫోను చేశారు. శ్రీవేద వారితో అప్పుడప్పుడు మాట్లాడుతూనే ఉన్నదట. ఇది నాకు కొత్త సంగతి. నెమ్మదైన మనిషి. ఈ సెమిస్టరు వదిలేసి జులైలో మళ్లీ చేరే వెసులుబాటు ఉన్నదనీ, చాలా మంది పిల్లలు అలా చేస్తారనీ, ఏ సంగతీ మార్చి మొదటి వారంలో చెబితే చాలుననీ అన్నారు. అమ్మాయి ఇంకా తేల్చుకోలేదనీ, తొందర పెట్టవద్దనీ కూడా అన్నారు.

అవసరం లేదండీ, సోమవారమే తీసుకొచ్చి దించుతాను అన్నాను. జులై అంటే వెంకటరమణకు ఏ ప్రాజెక్టు పేరు చెప్పాలో ఆ క్షణంలో తోచలేదు.

సాయంత్రం తలుపు దగ్గర సోమవారం ప్రయాణం గురించి ప్రకటన చేశాను. రాత్రి ఆమె గదిలోకి పంపిన కంచం ముట్టకుండానే తిరిగి వచ్చింది.

ఫిబ్రవరి 25, బుధవారం

ఫైర్‌ఫిష్ కనబడలేదు. మేత తినలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

కనబడలేదు. శ్రీవేద బట్టలు నేనే ఇస్త్రీ చేయించి, బ్యాగు సర్ది హాలులో పెట్టాను.

మార్చి 2, సోమవారం

ఏర్పేడు వెళ్లడానికి పొద్దున్నే తయారయ్యాను. తలుపు తట్టాను. రెండవసారి తట్టాను. తరువాత తోశాను. గడియ లేదు గనుక తెరుచుకున్నది. కుర్చీ వెనక్కు పడింది.

మంచం మీద లేదు. బీరువాకూ గోడకూ మధ్య ఉన్న సందులో, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని కూర్చొని ఉన్నది. అంత ఇరుకు సందులో ఒక మనిషి పట్టుతుందని నాకు తెలియదు. ఆమె నన్ను చూసింది. నేను చేతిలో బ్యాగుతో నిలబడి ఉన్నాను.

కుర్చీ లేపి పెట్టాను. తలుపు మూశాను.

ఈ రోజు చేపల పరిశీలన జరగలేదు.

మార్చి 3, మంగళవారం. చంద్రగ్రహణం

మధ్యాహ్నం మూడు దాటాక పట్టు, చంద్రోదయమైన కాసేపటికి విడుపు. పొద్దున నుంచే అమ్మ పాలనలోకి ఇల్లు వెళ్లిపోయింది. వండినవి ఖర్చు చేయించి, నీళ్ల బిందెల్లో, ఊరగాయ జాడీల్లో, పాల గిన్నెలో దర్భలు వేసింది. తరువాత ఒక గుప్పెడు దర్భలతో అక్వేరియం దగ్గరకు వచ్చింది.

అది ఉప్పునీరనీ, తాగేది కాదనీ నేను మనవి చేశాను.

"ఉప్పుజాడీలో కూడా వేసినాన్రా" అన్నది అమ్మ. "నీళ్లు నీళ్లే. ఇంట్లో ఉండాయి కదా."

దర్భలు నీటి మీద తేలినవి. గ్రహణం నీడ పడకూడదని ఆమె నాన్నగారి పాత పంచె ఒకటి తెచ్చి అద్దానికి నాలుగు వైపులా కప్పించింది. లైటు ఆర్పించింది. హాలు ఊడ్వడానికి అడ్డమని నా పరిశీలన కుర్చీని మా పడకగదిలో పడేయించింది. అందరం పూజ గదిలో కూర్చొని జపం చేయాలని ఉత్తర్వు. కోమలవల్లి, అమ్మ, నేను కూర్చున్నాం. నాలుగో పీట ఖాళీగా ఉన్నది.

నేను కూర్చున్న చోటు నుంచి, పంచె అంచుకూ గోడకూ మధ్య, అక్వేరియం పక్క అద్దం ఒక జానెడు కనబడుతున్నది. జపం మధ్యలో కళ్లు అటు వెళ్లినవి. ఫైర్‌ఫిష్ బయట ఉన్నది. తోక కాదు, తల కాదు, మొత్తం చేప. జెండా రెక్క నిటారుగా ఎత్తి, దర్భల నీడలో అటూ ఇటూ తిరుగుతున్నది. దాన్ని ఎవరూ చూడడం లేదని అది అనుకుంటున్నది. నెలంతా ఎదురుగా కూర్చొని నేను చూడలేకపోయినది, పక్క నుంచి, వేరే పనిలో ఉన్నట్టు నటిస్తుండగా కనబడింది.

కోమలవల్లిని మోచేత్తో తట్టాను. ఆమె అప్పటికే చూస్తున్నది. కానీ చేపను కాదు.

శ్రీవేద గది తలుపు తెరుచుకున్నది. టవలు భుజాన వేసుకొని వచ్చింది, విడుపు స్నానానికి కాబోలు. మసక వెలుగులో అక్వేరియం దగ్గర ఆగింది. పంచె ఒక కొస ఎత్తి లోపలికి చూసింది. దర్భలను చూసి ఉండాలి. ముక్కులోంచి గాలి వదిలినట్టు చిన్న నవ్వు వినబడింది.

లేవబోయాను. కోమలవల్లి నా పంచె కొస మోకాలి కింద అదిమి పట్టింది. ఇద్దరం తలుపు రెక్క వెనుక, ఊపిరి బిగబట్టుకొని, కదలకుండా కూర్చున్నాం. అమ్మ మాత్రం కళ్లు మూసుకొని జపం కొనసాగించింది. కాకపోతే గొంతు కొంచెం పెంచింది.

దాగి ఉన్నవారి జాబితాలో మమ్మల్ని కూడా చేర్చవలసి ఉన్నది.

మార్చి 4, బుధవారం

ఉదయం మేత వేస్తుండగా తలుపు సగం తెరుచుకున్నది. శ్రీవేద గడప లోపలే నిలబడింది. నేను చేపల వైపే చూస్తూ ఉండిపోయాను.

"రాళ్లు యాడ పెట్టినావు నాయనా?"

బాల్కనీలో, బకెట్లో అన్నాను.

"ఉప్పునీళ్లల్లోనేనా?"

అవునన్నాను.

"ఆ మాత్రమన్నా చేసినావులే. ఎవరు తీయమన్నారు?"

మునికుమార్ పేరు చెప్పాను. తీసింది నేనే అని కూడా చెప్పాను. ఆమె తరువాత మాట్లాడినది తలుపుతో మాట్లాడినట్టుగా ఉన్నది. వేలు గడియ మచ్చ మీద ఉన్నది.

"సందు లేకుండా చేస్తే బయటకొస్తాదని అనుకున్నావు. అది అట్ల కాదు నాయనా. దూరేదానికి చోటు ఉండాదని తెలిస్తేనే తిరిగేదానికి ధైర్యం. ఎన్ని సందులుంటే అంత ఎక్కువగా తిరుగుతాది. నువ్వు తీసేసినావు. అది యాడికి పోవల్ల?"

మోటారు వెనక్కు పోయిందని చెప్పాను.

"ఊఁ. బీరువా వెనక్కు."

ఇది నోరు జారిన మాటా, జారనిచ్చిన మాటా అన్నది నిర్ధారించలేకపోయాను. ఇద్దరం సూపరింటెండెంటును చూస్తూ ఉన్నాం. అతడు ఒక క్లౌన్ చేప చెంపలు శుభ్రం చేస్తున్నాడు.

మార్చి 5, గురువారం

రాళ్లు మూడూ యథాస్థానంలో పెట్టాను. శ్రీవేద గడపలో నిలబడి, ఎడమకు, ఇంకొంచెం ఎడమకు, కింద గుహ మాదిరి వదులు అని ఆదేశాలిచ్చింది.

తరువాత డబ్బాలోంచి గడియ తీశాను.

కోమలవల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. స్క్రూడ్రైవరు చూసింది. నా దగ్గరగా వచ్చి, నాకు భయమండీ అని చాలా మెల్లగా అన్నది. నాకూ అన్నాను. ఆ పేజీ గురించి మేము మాట్లాడుకోవడం ఇదే మొదలు. ఆమె నేరుగా శ్రీవేద దగ్గరకు వెళ్లి, మంచం మీద పక్కన కూర్చొని, చేయి పట్టుకొని అడిగింది. ఏమడిగిందో వ్రాయను. శ్రీవేద జవాబు మాత్రం నాకు వినబడింది.

"లేదమ్మా. అట్లాంటిదేమీ లేదు. వస్తే నీకే చెప్తాను. ఊరికే ఎవరూ చూడకుండా ఉండాలనిపిస్తాది, అంతే."

పాత రంధ్రాలు వదులైపోయినవి. స్క్రూ పట్టలేదు. రంధ్రాలలో అగ్గిపుల్లలు విరిచి దూర్చి, వాటి మీద బిగించాను. స్క్రూలు శ్రీవేద అరచేతిలో పెట్టుకొని ఒక్కొక్కటే అందించింది. నెలలో మేము కలిసి చేసిన మొదటి పని ఇది. బిగించిన తరువాత ఆమె గడియను ఒకసారి లాగి చూసింది. పట్టింది.

నేను బయటకు వచ్చాను. తలుపు మూసుకున్నది. లోపల గడియ పడిన శబ్దం వినబడింది.

కోమలవల్లీ నేనూ సోఫాలో కూర్చున్నాం. ఆమె పరీక్ష పేపర్లు ముందు వేసుకున్నది, దిద్దలేదు. నేను టీవీ పెట్టాను, చూడలేదు. ఎదురుగా చూడకూడదు గనుక ఇద్దరం తలుపు వైపు తప్ప అన్ని వైపులా చూశాం. అమ్మ వచ్చి, ఏందిరా ఇద్దరూ పెండ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు, పనుల్లేవా అన్నది.

మార్చి 6, శుక్రవారం

గడియ తీసిన శబ్దం. అప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. బ్రష్షు నోట్లో ఉండగానే ఆగిపోయి విన్నాను. శ్రీవేద బాల్కనీకి వెళ్లి, ఫ్రిజ్ మీది దుప్పటి తీసి, మేత తెచ్చి చేపలకు వేసింది. ఫైర్‌ఫిష్ కొత్త గుహ గుమ్మంలో నిలబడి, రెక్క ఎత్తి, ఒక తునక అందుకొని లోపలికి పోయి, మళ్లీ వచ్చింది.

"మోహన మేడమ్‌తో మాట్లాడినాను నాయనా. జులైలో పోతాను. సరేనా?"

సరే అన్నాను. నోటి నిండా నురగ ఉండడం వల్ల అంతకంటే ఎక్కువ మాట్లాడే ప్రమాదం తప్పింది.

స్నానం చేయకుండా పూజ గది గడప తొక్కొద్దని అమ్మ లోపలి నుంచి కేక వేసింది. తెలుసులే అవ్వా అన్నది శ్రీవేద.

మార్చి 7, శనివారం

కూరగాయల కత్తి తీసుకొని, పొద్దున్నే గేటు దగ్గరకు వెళ్లి, ఫ్లెక్సీ తాళ్లు కోసి, చుట్టి, చంకలో పెట్టుకొని పైకి వచ్చాను. సంఘం అనుమతి తీసుకోలేదు. నా సర్వీసు మొత్తంలో అనుమతి లేకుండా చేసిన పని ఇదొక్కటే. ఎలా ఉంటుందో అనుకున్నాను. కొంచెం ఆకలి వేసింది.

మార్చి 8, ఆదివారం

అమ్మ ఈ ఏడు వడియాలు మొదలుపెట్టింది. మిద్దె మీద పరచడానికి పాత చీర చాలదన్నది. ఫ్లెక్సీ ఇచ్చాను. బొమ్మల వైపు కిందికి, తెల్ల వైపు పైకి వేసి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. శ్రీవేద ఉడికించిన బియ్యప్పిండిని చేత్తో తీసి వరుసగా పెట్టింది. వెంకటరమణ మొహం మీద మూడు వరుసలు, తన మొహం మీద రెండు వరుసలు పడి ఉంటాయని అంచనా. తరువాత తలకు చున్నీ చుట్టుకొని, కాకులను తోలడానికి కర్ర పట్టుకొని, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నది. ఎండలోకి వచ్చి చాలా రోజులైంది గనుక కళ్లు చిట్లిస్తున్నది.

వెంకటరమణ మిద్దె మీదికి వచ్చినాడు. శ్రీవేదను చూసి, ఏం పాపా, ప్రాజెక్టు అయిపోయిందా అన్నాడు. నేను జవాబు కూడదీసుకునే లోపలే ఆమె, లేదంకుల్, రెండు సబ్జెక్టులు పోయినాయి, జులైలో మళ్లీ పోతాను అని చెప్పి, ఒక కాకి వైపు కర్ర ఊపింది. అతను నా వైపు తిరిగినాడు. మాట మార్చవలసిన అవసరం అతనికే ఎక్కువగా ఉన్నట్టు కనబడింది.

"అదిసరేగానీ, గేటు కాడ ఫ్లెక్సీ కనపడలేదేందప్పా?"

"క్యాంపులో ఉన్నది" అన్నాను.

శ్రీవేద చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఈ పుస్తకం పరిధి గురించి మొదటి పుటలో వ్రాసిన వాక్యాన్ని కొట్టివేశాను. పరిశీలన కుర్చీని మిద్దె మీదికి చేర్చాం. అందులో ఇప్పుడు అమ్మ కూర్చుంటున్నది. ఇకపై నమోదు చేయవలసిన అవసరం ఉన్నట్టు కనబడదు. ఫైర్‌ఫిష్ ఈ సాయంత్రం కనబడింది, తరువాత కనబడలేదు. వెతకలేదు.

శ్రీవేద గది తలుపుకు గడియ ఉన్నది. ఈ పూట అది వేసి లేదు.